గిన్నె ఖాళీగా రాకూడదు

మా కాలనీలో ఇరుగుపొరుగులు ప్రేమగా ఉండి తీరాలని తీర్మానం చేసిన రోజు నుంచి ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నేనూ చెయ్యెత్తాను.

మొదటి నుంచీ చెబుతాను. ఊరి చివర, రింగురోడ్డు కూడా దాటిపోయాక, ఒకప్పుడు మేకలు కూడా విసుక్కుంటూ మేసిన గుట్టను చదును చేసి కట్టిన కాలనీ మాది. పేరు సౌహార్దపురి. ఆ పేరు బిల్డరు పెట్టాడు. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. చేరిన కొత్తలో నేను రెండుసార్లు పక్కవాళ్ల తాళంతో కుస్తీ పట్టాను. కొత్తిమీర కట్ట కావాలన్నా బండి తియ్యాలి. మనిషన్నవాడు కనపడాలంటే చెత్తబండి వచ్చే వేళకి గుమ్మంలో నిలబడాలి.

పాలు పొంగించిన రోజున మా ఆవిడ వకుళ పరమాన్నం వండి, పక్కింటికి పంపుదామంది. సామానంతా ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంది. బయట ఉన్నదల్లా ఒక స్టీలు మూతగిన్నె. తెనాలి నుంచి లారీలో వెయ్యకుండా, దారిపొడుగునా తన ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న గిన్నె అది. వాళ్లమ్మది. వెనకటి రోజుల్లో కొట్టువాడి చేత వేయించిన చుక్కల అక్షరాలతో దాని మీద 'రాజ్యలక్ష్మి' అని ఉంటుంది. ఆవిడ పోయాక ఆ పేరు పలికేవాళ్లు కూడా లేకుండా పోయారు. ఆ గిన్నె మీద మిగిలిందంతే.

పక్కింటావిడ పేరు స్వరూప. సిద్దిపేట వైపు మనిషి. నడుమెత్తు ప్రహరీ మీద నుంచి గిన్నె అందుకుని, మూత తీసి వాసన చూసి, "అబ్బ! ఏలకులు మంచిగేసినవక్కా" అంది. గిన్నె పట్టుకునే ఇంకో అరగంట మాట్లాడింది. మా ఆవిడ అట్టపెట్టెల సంగతే మరిచిపోయింది.

"గిన్నె రేపిస్త అక్కా," అని వెళుతూ మళ్లీ వెనక్కి తిరిగింది. "కాదు, రేపు గాదు. ఖాళీగ ఎట్లిస్త? సర్వపిండి చేస్త. బియ్యం గిర్నీల పట్టియ్యాలె, జర ఆగు."

"తొందరేముంది? నీ వీలు చూసుకునే ఇవ్వు," అంది వకుళ. ఎవరైనా అనే మాటే, కానీ వకుళ నిజంగానే అంది. సర్వపిండంటే ఏమిటో ఆమెకి తెలియదు. అయినా ఆ పూటంతా దాని గురించే మాట్లాడింది.

ఆ ఆదివారం కొత్తగా చేరినవాళ్లకి స్వాగత సభ పెట్టారు. మా సంఘం అధ్యక్షులు పరాంకుశరావు గారు తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరైన మనిషి. కాళ్లు చాపుకుని కూర్చునే వయసులో ఆయన చేతికి ఒక కాలనీ దొరికింది. కార్యదర్శి కౌండిన్య సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా దానికో యాప్ చేస్తానంటాడు.

"కామేశం గారూ," అన్నారు అధ్యక్షులు నన్ను లేపి. "పొరుగు గృహంతో మీ సౌహార్ద లావాదేవీలు ప్రారంభమైనవా?"

"అయ్యాయండీ. పరమాన్నం పంపాం."

"ప్రతిగా?"

"గిన్నె ఇంకా రాలేదండీ. తొందరేముంది," అన్నాను నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. పరాంకుశరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే, ఒక పాత్ర, ఒక గృహం నుంచి బయలుదేరి, గమ్యం చేరి, తిరుగు ప్రయాణం లేక నిలిచిపోయి ఉన్నది. గౌరవనీయ నివాసితులారా, సౌహార్దాన్ని కొలవగలిగితేనే పెంచగలం. కొలవకుండా వదిలేస్తే ఏమవుతుందో కళ్లారా చూస్తున్నాం."

అందరూ నా వంక చూశారు. కళ్లారా చూడ్డానికి నేను తప్ప అక్కడ ఇంకేం లేదు.

దీనికి తోడు శివారు కాలనీల సమాఖ్యవారు ఆ ఏడు 'ఆదర్శ పొరుగు' కప్పు ప్రకటించారట. ఆ కప్పు కనక పక్కనున్న గ్రీన్ మెడోస్ వాళ్లకి పోతే మనం తలెత్తుకోలేమన్నారు. ఇక తీర్మానం నెగ్గక ఏం చేస్తుంది? ఒక ఇంటికి వెళ్లిన గిన్నె ఆ వారంలోగా తిరిగి రావాలి. ఖాళీగా రాకూడదు. వెళ్లినప్పుడు ఎంత బరువు పదార్థం ఉందో, వచ్చినప్పుడూ అంతకు తగ్గకూడదు. క్లబ్బుహౌసులో క్యారమ్స్ ఆడుకునే గదికి 'పాత్రా వినిమయ కేంద్రం' అని బోర్డు కట్టి, లోపల ఎలక్ట్రానిక్ త్రాసు పెట్టారు. కౌండిన్య 'గిన్నెమిత్ర' అని యాప్ వదిలాడు.

మర్నాడే స్వరూప సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి మూకుడుకి అద్ది కాల్చిన రొట్టెను వేడివేడిగా తుంచి మా గిన్నెలో పెట్టుకుని ప్రహరీ దాకా వచ్చింది. వకుళ చెయ్యి చాచింది. ఈలోగా వీధిలోంచి కౌండిన్య పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, మేడమ్! డైరెక్ట్‌గా ఇవ్వకూడదు. ముందు కేంద్రానికి రావాలి."

కేంద్రంలో గిన్నెను త్రాసు మీద పెట్టారు. పరమాన్నం బరువెంతో మా ఆవిడని అడిగితే, "నిండుగా పోశానండీ" అంది. పరాంకుశరావు గారు నిండుగా నీళ్లు పోయించి తూచి, అనుభవం మీద జీడిపప్పు కలిపి లెక్క తేల్చారు. సర్వపిండి తేలిపోయింది. "సౌహార్ద లోటు," అని ప్రకటించారాయన విచారంగా.

"పాయసం తోని పిండిని జోకుతరా సారు?" అంది స్వరూప. "గిదెక్కడి లెక్క? పాయసం తాగుతం, ఇది తింటం."

"అమ్మా, త్రాసుకు రుచి లేదు. అదే దాని గొప్పతనం."

అదీ చాలదన్నట్టు, గిన్నెను అటూ ఇటూ తిప్పిన కౌండిన్యకు చుక్కల అక్షరాలు కనపడ్డాయి. "సార్, ఓనర్ నేమ్ రాజ్యలక్ష్మి. మన రెసిడెంట్స్‌లో ఆ పేరుతో ఎవరూ లేరు." స్వామిత్వం తేలేవరకు పాత్రను సంఘం సంరక్షణలో ఉంచుతున్నామన్నారు అధ్యక్షులు. క్యారమ్స్ కప్పులుండే అద్దాల బీరువాలో, రెండు కప్పుల మధ్యన, మా అత్తగారి గిన్నెను పెట్టి తాళం వేశారు. సర్వపిండి మాత్రం లోటు నిర్ధారణ నిమిత్తం కమిటీవారు తినేశారు.

స్వరూప మా ఆవిడ వంక ఒక్క చూపు చూసింది. "గిన్నె కోసం కంప్లైంట్ ఇచ్చినవంట గదక్కా. నన్నడిగితే ఆ పూటనే ఇద్దును గద." సమాధానం వినకుండా వెళ్లిపోయింది.

వకుళ ఇంటికొచ్చి అట్టపెట్టె మీద కూలబడింది. "ఊరు గాని ఊళ్లో ఒక్క మనిషి దొరికింది. ఆ మనిషీ పోయింది, మా అమ్మ గిన్నే పోయింది. మీ నోరు ఊరుకోదు కదా!" అంది. నేను నోరెత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో చూశాను కదా.

ఇక కాలనీ సంగతి. గిన్నె ఖాళీగా రాకూడదన్న నిబంధనలో ఒక చిక్కుంది. అది మొదటి వారం ఎవరికీ తట్టలేదు. నేను మీకు పులిహోర పంపాను. మీరు నా గిన్నెలో గారెలు పెట్టి పంపారు. గారెలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు మీకు నేను బాకీ. మళ్లీ పంపాను. ఈ ఆట ఆగేదెక్కడ? ఎక్కడా ఆగలేదు. ఆఫీసులకి వెళ్లేవాళ్లు పొద్దున్నే గిన్నెలతో కేంద్రం ముందు వరస కట్టేవారు. మా ఇంటి నుంచి బయల్దేరిన సున్నుండలు కాలనీ అంతా చుట్టి మళ్లీ మా ఇంటికే వచ్చాయి. వాటి మీద తన వేలిముద్రలు చూసి వకుళే గుర్తుపట్టింది. ఎవరూ తినలేదు, తిన్నాక మళ్లీ చెయ్యాలి కనుక.

ఒకాయన తెలివిగా గిన్నెలో ఒక్క లవంగం వేసి పంపాడు. కనీస బరువు నిబంధన వచ్చింది. ఆయన మర్నాడు గుమ్మడికాయ పంపాడు. బరువు చాలింది గానీ మూత పట్టలేదు. మూతపడని పాత్ర నిండినట్టా, పొంగినట్టా అన్న మీమాంస మీద కమిటీ రెండు పూటలు కూర్చుంది. ఒంటరిగా ఉండే పెద్దమనిషి ఒకాయనకి వంట రాదు. నేతి మైసూర్‌పాక్ వచ్చిన గిన్నెలో ఉడకబెట్టిన కోడిగుడ్డు పెట్టి పంపాడు. అది శాకాహారుల గిన్నె. రభస రచ్చకెక్కేసరికి పరాంకుశరావు గారు గుడ్డును 'తటస్థ పదార్థం'గా ప్రకటించి, గిన్నెకు సంప్రోక్షణ చేయించి, ఖర్చు కోడి ఖాతాలో రాయమన్నారు. కాలనీలో కోడి లేదు.

జనం తలుపులు తీయడం మానేశారు. కాలింగ్ బెల్లు మోగితే టీవీ ఆపేసి ఊపిరి బిగబట్టేవారు. ఎదురింటాయన, నేను గిన్నె పట్టుకుని వస్తున్నాననుకుని వెనక గోడ దూకాడు. పాపం ఆయనకి షుగరు. నేను ఆ పూట కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చాను, చేతిలో ఉన్నది టార్చిలైటు.

ఇరుగుపొరుగులు నేరుగా మాట్లాడుకుంటే తూకంలో మొహమాటాలు వస్తున్నాయని, సంఘం మరో అడుగు వేసింది. ప్రహరీల మీద నుంచి మాట్లాడుకోవడం 'నమోదు కాని సౌహార్దం' అని నిషేధించి, గోడలన్నిటినీ మనిషెత్తు లేపించింది. వకుళా స్వరూపా ఒకరి గొంతు ఒకరు వింటున్నారు, మొహాలు మాత్రం కనపడవు. గోడకి అటు గిన్నెలు తోముతున్న చప్పుడు వస్తే ఇటు మా ఆవిడ చేస్తున్న పని ఆపేసి నిలబడేది. "పిలవకూడదూ?" అన్నానొకసారి. "పిలిచి ఏం చెప్పను? మా ఆయనకి నోరు జారే రోగముందని చెప్పనా?" అంది.

చివరికి గిన్నె స్వామిత్వం మీద విచారణకి రమ్మని కబురొచ్చింది. లోటు జరిమానా విషయమై స్వరూపకీ అదే గంట ఇచ్చారు. ఆ రోజే కప్పు న్యాయనిర్ణేతలు వస్తున్నారు. సంఘం ఎంత చురుకైనదో వాళ్లు కళ్లారా చూడాలని అధ్యక్షుల ఆలోచన.

స్వరూప ఓ మూల కుర్చీలో మా వైపు చూడకుండా కూర్చుంది. పరాంకుశరావు గారు గొంతు సవరించుకున్నారు.

"వకుళ గారూ, పాత్ర మీది నామధేయం రాజ్యలక్ష్మి. మీరు రాజ్యలక్ష్మి కారు. కనుక పాత్ర మీది కాదు."

"మా అమ్మదండీ."

"సంతోషం. అమ్మగారిని స్వయంగా వచ్చి తీసుకోమనండి."

"పోయారండీ."

"ఎక్కడికి?"

వకుళ నా వంక చూసింది. "కాలం చేశారండీ," అన్నాను నేను.

అధ్యక్షులు ఒక క్షణం తల వంచుకుని, ఎత్తి, కౌండిన్య వంక చూశారు. కౌండిన్య ఫోన్లో వేలితో వెతికాడు. "సార్, యాప్‌లో 'చనిపోయారు' అన్న ఆప్షన్ లేదు. 'ఊరెళ్లారు' అని పెట్టొచ్చు."

"పెట్టండి. ఆవిడ ఊరి నుంచి వచ్చాక విచారణ కొనసాగిద్దాం. అందాకా పాత్ర అనాథ."

వకుళ ఏడవలేదు. అద్దాల బీరువాలో గిన్నె వంక చూస్తూ, "ఒక్కసారి చేతికిస్తారా? చూసి ఇచ్చేస్తాను," అంది. తాళంచెవి కూడా నమోదు లేకుండా బయటికి రాదన్నారు.

మూల కుర్చీలో స్వరూప తలెత్తింది. అది అమ్మ గిన్నె అని ఆమెకి అప్పుడే తెలిసింది.

అప్పుడే న్యాయనిర్ణేతలు వచ్చారు. పెద్దావిడ ఒకరు, ఆవిడ వెనకే బ్యాడ్జీలు మోసుకుంటూ ఒకాయన. పరాంకుశరావు గారు త్రాసు చూపించారు, యాప్ చూపించారు, ఎత్తు లేపిన గోడల ఫొటోలు చూపించారు.

"ఇక్కడివాళ్లు ఒకరింటికి ఒకరు వెళుతుంటారా?" అని అడిగింది పెద్దావిడ.

"నిషేధించామండీ! పక్షపాతానికి తావు లేకుండా," అన్నారాయన గర్వంగా.

పెద్దావిడ బ్యాడ్జీల ఆయన వంక చూసింది. ఇంతలో స్వరూప లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"సారు, నాకో ఖాళీ గిన్నె గావాలె."

"దేనికమ్మా?"

"ఇంట్ల చింతపండు ఒడిసింది. పక్కింటి అక్కనడిగి తెచ్చుకుంట."

పరాంకుశరావు గారు నిబంధనావళి తిరగేశారు. పంపడం ఉంది, స్వీకరించడం ఉంది, తిరిగి పంపడం ఉంది, తూకం ఉంది. "అడగడం... అడగడమంటే?"

"మా ఇంట్ల లేదు, మీ ఇంట్ల ఉంటది, జరంత పెట్టుండ్రి అనుడు."

"అట్టి ప్రక్రియకు ఏర్పాటు లేదమ్మా. పైగా పాత్ర ఖాళీగా గృహానికి వెళ్లరాదు."

"తిరిగి పొయ్యేది ఖాళీగ పోవద్దన్నరు. ఇది తిరిగి పోతలేదు సారు, అడగ పోతున్నది. అడగ పొయ్యే గిన్నె నిండుగ పోతదా?"

కౌండిన్య నుదురు రుద్దుకున్నాడు. "సార్, లాజిక్ కరెక్టే. నిండు గిన్నెతో వెళితే అది అడగడం కాదు, పంపడం అవుతుంది."

న్యాయనిర్ణేతలు చూస్తున్నారు. పరాంకుశరావు గారు చెమట తుడుచుకుని, "ఏ పాత్ర కావాలి?" అన్నారు.

"గదే," అని బీరువాలోకి వేలు చూపించింది స్వరూప. "మీరే అనాథ అంటిరి. ఎవ్వలు అడ్డం జెప్పరు గద."

బీరువా తెరిచారు. గిన్నెను త్రాసు మీద పెట్టి, 'లోపలి పదార్థం: శూన్యం' అని నమోదు చేసి, అధ్యక్షులు స్వహస్తాలతో అందించారు. స్వరూప దాన్ని పట్టుకుని గడప కూడా దాటలేదు. అక్కడే వెనక్కి తిరిగి, వకుళ ముందుకొచ్చి, రెండు చేతులా చాపింది.

"అక్కా, జరంత చింతపండు ఉన్నదా?"

మా ఆవిడ గిన్నె అందుకుంది. చుక్కల అక్షరాల మీద పేరుకున్న దుమ్ము కొంగుతో తుడిచింది. "ఉంది. ఇంటికి రా, పెడతాను," అంది.

ఇద్దరూ బయటికి నడిచారు. వాళ్ల వెనక న్యాయనిర్ణేతలు, వాళ్ల వెనక త్రాసు చంకలో పెట్టుకుని పరాంకుశరావు గారు, ఆయన వెనక ఫోను తీస్తూ కౌండిన్య, అందరికీ వెనక నేను. ఊరేగింపు చూసి, గిన్నె కనపడగానే వీధిలో తలుపులన్నీ టకటకా మూసుకున్నాయి. ఎదురింటాయన గోడ దూకిన చప్పుడు వినిపించింది.

వంటింట్లో వకుళ తెనాలి నుంచి తెచ్చుకున్న చింతపండు డబ్బా దించింది.

"నాకు తెల్వదక్కా, అమ్మ గిన్నె అని. తెలిస్తే ఆనాడే కడిగి ఇద్దును. ఖాళీగనన్న ఇద్దును."

"నీకెలా తెలుస్తుంది? కంప్లైంటూ లేదు, పాడూ లేదు. ఈ మహానుభావుడు మీటింగులో నవ్వబోయాడు."

స్వరూప నా వంక చూసి, "గంతేనా!" అని పకపకా నవ్వింది. నన్ను చూసి మా కాలనీలో ఎవరైనా నవ్వడం అదే మొదలు. పెద్దావిడ కూడా గుమ్మంలో నిలబడే నవ్వింది. మా ఆవిడ చింతపండు గిన్నె నిండా పెట్టి, మూత పెట్టి, స్వరూప చేతిలో పెట్టేసింది.

నేను అదిరిపడ్డాను. "వకుళా, గిన్నె!"

"మరి చింతపండు కాగితంలో కట్టివ్వనా?" అంది.

కప్పు మాకే వచ్చింది. 'ఖాళీ పాత్రతో సైతం సౌహార్దం సాధించిన వినూత్న విధానానికి' అని ప్రశంస. పెద్దావిడ వేళాకోళానికే రాసిందేమో. పరాంకుశరావు గారు మాత్రం ఫ్రేము కట్టించారు. తూకాలు ఎత్తేశారు. ఇప్పుడు ప్రతి గృహమూ నెలకొక్కసారైనా పొరుగువారిని ఏదో ఒకటి అడిగి తీరాలి. కౌండిన్య 'అడుగుమిత్ర' తయారు చేస్తున్నాడు.

అంతా బాగుందనుకుంటుండగా అత్యవసర సమావేశం పెట్టారు. ఆ కప్పు తిరిగే కప్పట. ఏడాది కాగానే సమాఖ్యకు వెనక్కి ఇచ్చెయ్యాలి. "కప్పు కూడా పాత్రే కదా," అన్నారు అధ్యక్షులు, రాత్రుళ్లు నిద్రలేని కళ్లతో. "ఖాళీగా ఎట్లా తిప్పి పంపుతాం?" ఎవరో అరిసెలన్నారు, ఎవరో జంతికలన్నారు. ఈలోగా కౌండిన్య కప్పును తిప్పి చూసి మెల్లిగా చెప్పాడు. దాని మీద కీర్తిశేషులైన దాత పేరు చెక్కి ఉంది. ఆ పేరు గలవారు మా కాలనీలో లేరు. విచారణ నడుస్తోంది. దాతగారు ప్రస్తుతానికి ఊరెళ్లారు.

స్వరూప ఆ చింతపండుతో పులుసు చేసి వేరే గిన్నెలో పంపింది. మా గిన్నె ఇంకా రాలేదు. గోడల ఎత్తు తగ్గించడానికి నిధులు లేవన్నారు కనుక, ఆడవాళ్లిద్దరూ చెరో స్టూలు ఎక్కి మాట్లాడుకుంటారు.

"రాజ్యలక్ష్మమ్మను రేపు తోలిస్త అక్కా," అంటుంది స్వరూప అప్పుడప్పుడు.

"తొందరేముంది, ఉండనీ నాలుగు రోజులు," అంటుంది మా ఆవిడ. అని స్టూలు దిగి, నవ్వుకుంటూ లోపలికొస్తుంది.

గిన్నెమిత్రలో చూస్తే మా అత్తగారు ఇప్పటికీ ఊరెళ్లినట్టే ఉంది. అబద్ధం. ఆవిడ పక్కింట్లో ఉన్నారు.